కదిలితేనే గాలి

సొసైటీ ఆఫీసు పక్కనున్న మరుగుదొడ్డిలో మోటారాయన కూర్చుని ఉండగా దీపం ఆరిపోయింది. కరెంటు పోలేదు. తలుపు కింది సందులోంచి బయటి వెలుతురు కనిపిస్తూనే ఉంది. లోపల కదలిక లేదు కాబట్టి లోపల మనిషే లేడని పైకప్పులోని కన్ను తీర్మానించుకుంది, అంతే. అలాంటప్పుడు చెయ్యి ఊపితే చాలని బిల్డింగులో అందరికీ చెప్పి ఒప్పించింది ఆయనే. ఊపాడు. వెలగలేదు. రెండు చేతులూ ఎత్తి ఊపాడు. ఆ కన్ను చేతులు కడుక్కునే చోటుకి పైన ఉంది, మధ్యలో చెక్క తలుపు ఉంది. నిలబడి తలుపు పైనుంచి చెయ్యి చాపితే కనిపించేదేమో గానీ, ఉన్న పరిస్థితిలో నిలబడటం వీలయ్యే పని కాదు. అందుకని చీకట్లో అలాగే కూర్చున్నాడు.

కాసేపటికి ఎవరో లోపలికి రావడంతో దీపం వెలిగింది.

"లోపలెవరు?" అన్నాడు వచ్చినాయన, కుళాయి తిప్పుతూ.

"నేనేనండి."

"దీపం ఆర్పేసుకుని ఏం చేస్తున్నావయ్యా?"

"అదే ఆరిందండి."

"కాస్త చురుగ్గా ఉండాలయ్యా," అని సలహా ఇచ్చి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడాయన. కాసేపటికి దీపం మళ్ళీ ఆరింది.

సలహా ఇచ్చినాయన ఆ బిల్డింగు సొసైటీకి కార్యదర్శి. బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. బిల్డింగంతా ఇప్పటికీ ఆయన్ని హెడ్మాస్టరుగారనే పిలుస్తుంది, ఆయన కూడా బిల్డింగుని బడిలాగే చూస్తాడు. సలహా పుచ్చుకున్నాయన ఆ బిల్డింగుకి సూపర్‌వైజరు. ఉద్యోగం పేరు అదే గానీ ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. చేరిన కొత్తలో పొద్దున్నే లేచి నీళ్ళ మోటారు వెయ్యడం ఆయన పని. ట్యాంకు పొంగితే తిట్లు, నిండకపోతే ఇంకాస్త పెద్ద తిట్లు. ఇప్పుడు మోటారు దానంతటదే ఆడుతుంది, దానంతటదే ఆగుతుంది. మోటారాయన అన్న పేరు మాత్రం ఆగలేదు.

భార్య పోయి ఏడాది దాటింది. జబ్బు చేసింది, మంచాన పడింది, పోయింది. ఆయన ఏడుస్తాడని అందరూ ఎదురుచూశారు. ఆయనా ఎదురుచూశాడు. ఏడుపు రాలేదు. కొన్నాళ్ళకి ఎదురుచూడటం మానేసి పనిలోకి వచ్చేశాడు. అడిగినదానికి జవాబు చెప్తాడు, చెప్పిన పని చేస్తాడు, జోకు వేస్తే నవ్వాల్సిన చోట నవ్వుతాడు. పని లేనప్పుడు సెల్లారులోని యంత్రాల గదిలో స్టూలు మీద కూర్చుంటాడు. కూర్చుంటే ఇక ఉలుకూ పలుకూ ఉండదు. దీపం ఆరిపోతుంది. అక్కడ ఆయన చెయ్యి కూడా ఊపడు. సామాను కోసం వచ్చిన వాళ్ళు దీపం వెలగగానే ఎదురుగా మనిషి కనిపించి గుండెలు పట్టుకోవడం బిల్డింగులో మామూలైపోయింది.

ఈ కళ్ళు బిల్డింగుకి మొదటి నుంచీ లేవు. అంతకు ముందొక ఎండాకాలం మహా చెడ్డది వచ్చింది. ఎండలు మునుపటిలా లేవని ఏటా అనుకోవడం అలవాటే గానీ ఆ ఏడు అనుకోవడానికి కూడా ఎవరికీ ఓపిక లేకపోయింది. వీధి వీధంతా ఏసీలు ఒక్కసారి వేసేసరికి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. పై అంతస్తుల వాళ్ళు ఇళ్ళలో ఉండలేక పరుపులు ఈడ్చుకొచ్చి మెట్ల మీద పడుకున్నారు. గోడ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుండేది. ఆ ఎండాకాలం గడిచాక హెడ్మాస్టరుగారు ఇంటింటికీ తిరిగి, బతిమాలి, కసిరి, చివరికి అందరి చేతా ఊ అనిపించాడు. బయటి గోడలకి వేడిని ఆపే మందపాటి పూత వేశారు. మేడ మీద తెల్లరంగు కొట్టి సోలారు పలకలు పరిచారు. కిటికీలకి రెండేసి అద్దాలు బిగించారు. ఇంటింటి ఏసీలూ పీకేసి, సెల్లారులో గాలిని చల్లబరిచే పెద్ద యంత్రం ఒకే ఒక్కటి పెట్టి, అక్కడి నుంచి గొట్టాల్లో ప్రతి గదికీ గాలి పంపారు. గదికో కన్ను పెట్టారు. గదిలో కదలిక ఉంటే గాలి వస్తుంది. లేకపోతే ఆగుతుంది. ఫ్యాన్లు కూడా విప్పేశారు. తిరిగే రెక్కల్ని చూసి మనుషులనుకుని ఆ కన్ను మోసపోతుందట.

నిజం చెప్పాలంటే పని బాగానే జరిగింది. ఇదివరకు వాడిన కరెంటులో సగం కూడా కావడం లేదు. ఎండాకాలం చివర్లో కరెంటు లెక్క పరీక్ష చేసేవాళ్ళు వస్తారు. ఈ బిల్డింగు పాసైతే, ఈ వీధిలోని మిగతా పాత బిల్డింగులకీ ఇలాగే చేయిస్తారు. అవతలి వరస బిల్డింగులో హెడ్మాస్టరుగారి పాత చప్రాసీ ఉంటాడు, పోయిన ఎండల్లో అతని మనవరాలు సొమ్మసిల్లి ఆసుపత్రిపాలైంది. అందుకని ఈ పరీక్ష ఆయనకి ఆషామాషీ కాదు. ఆయన ఫోనులో బిల్డింగంతా చిన్న చిన్న గడులుగా కనిపిస్తుంది. గాలి ఆడుతున్న గది నారింజ రంగు, ఆగిన గది పచ్చ రంగు. రోజూ పొద్దున్నా సాయంత్రం అటెండెన్సు తీసుకున్నట్టు చూస్తాడు. ఉద్యోగమంతా పిల్లలు రాలేదని బాధపడ్డ మనిషి, ఇప్పుడు ఎవరూ లేరని చూపిస్తే మురిసిపోతున్నాడు.

దొంగతనాలూ లేకపోలేదు. మూడో అంతస్తులో ఒకాయన సాయంత్రం ఇంటికొచ్చేసరికి గది చల్లగా ఉండాలని, కంటికి ఎదురుగా లోలకం ఉన్న గడియారం తగిలించాడు. లోలకం పగలంతా ఊగింది, గాలి పగలంతా వచ్చింది. హెడ్మాస్టరుగారు మీటింగు పెట్టి అందరి ముందూ మోటారాయనతో చెప్పాడు. ఇలాంటివి చేసిన వాళ్ళకి పరీక్ష అయ్యేదాకా కింద సెల్లారులో వాళ్ళింటి గాలి వాల్వు కట్టెయ్యాలి, మొహమాటాలు లేవు అని. మోటారాయన వెళ్ళి కట్టేశాడు. గడియారం తగిలించినాయన ఎదురుపడినప్పుడల్లా మొహం తిప్పుకుంటున్నాడు. మోటారాయనకి కోపమూ రాలేదు, జాలీ వెయ్యలేదు.

ఆయన ఇల్లు పై అంతస్తులో. భార్య పోయిన కొత్తలోనే ఈ కళ్ళు పెట్టడానికి ఇంజనీరమ్మాయి గది గదికీ తిరిగింది. బాబాయ్‌గారూ, బాబాయ్‌గారూ అంటూ ఎక్కడెవరు పడుకుంటారో, ఎవరెక్కడ కూర్చుంటారో అడిగి రాసుకుంది. లోపలి గది గుమ్మంలో నిలబడి, "ఈ గదిలో ఎవరుంటారు?" అంది.

ఆయన ఆ గదిలోకి చూశాడు. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

"ఎవరూ ఉండరమ్మా," అన్నాడు.

ఎవరూ లేని గదికి ఏం చెయ్యాలో అదే చేసిందా అమ్మాయి. కన్ను గుమ్మానికి దగ్గరగా పెట్టించి, మనిషి బయటికెళ్ళగానే గాలి ఆగిపోయేలా అమర్చింది.

ఆ తరవాత కొన్నాళ్ళకి వేరే ఊళ్ళో ఒంటరిగా ఉంటున్న అత్తగారు వంటింట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆవిడకి ఉన్నది ఒక్కతే కూతురు, ఆ కూతురూ పోయింది. మోటారాయన వెళ్ళి తీసుకొచ్చి ఆ గదిలోనే మంచం మీద పరుపు పరిచి పడుకోబెట్టాడు. మధ్యలో ఉండాల్సిన మనిషి లేని చుట్టరికం అది. అల్లుడి ఎదుట కాలు చాపుకుని పడుకోవడమే ఆవిడకి పెద్ద అవమానం. తిన్నారా అత్తయ్యగారూ అని ఈయన, తిన్నాను బాబూ, మీరు తిన్నారా అని ఆవిడ. అంతకు మించి ఒక్క మాట దొర్లేది కాదు. పోయిన మనిషి పేరు ఇద్దరూ ఎత్తేవారు కాదు. ఎత్తకూడదని అనుకుని కాదు. ఎత్తితే తరవాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలీదు.

ఎముక అతుక్కుంది, ఇక కాస్త లేచి తిరగొచ్చని డాక్టరు చెప్పాడు. ఆవిడ సరేనని తలూపి, గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్ళీ లేవలేదు. నొప్పా అంటే లేదంది. కన్ను దీపాలార్పేంత కదలకుండా ఉండటంలో అల్లుడు అత్తగారి ముందు పసివాడు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, మేడ మీద సోలారు పలకలు కడిగే పని పడి, మోటారాయన రోజూ రాని వేళలో ఇంటికొచ్చాడు. లోపలి గది గుమ్మంలో కాలు పెట్టగానే, చుట్టం వచ్చాడని లేచినట్టు, పైన గొట్టంలోంచి గాలి బుస్సుమని మొదలైంది. అంటే అప్పటిదాకా లేదు. గది ఇటుకల బట్టీలా ఉంది. ఆవిడ కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, పెదాలు అంటుకుపోయి ఉన్నాయి. ఒంటి మీద చెమట చుక్క లేదు. చెయ్యి పట్టుకుంటే కాలుతోంది. పిలిస్తే వెంటనే పలకలేదు.

తడిగుడ్డలు తెచ్చాడు. చెంచాతో నీళ్ళు పట్టాడు. కంగారు పడాల్సిన సమయమని తెలుస్తోంది గానీ, ఆ కంగారు పక్క గదిలో ఎవరో పడుతున్నట్టు ఉంది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. ఎదురింటి టైలరమ్మ వచ్చి చీర కొంగు నడుముకి దోపి ఆవిడ కాళ్ళూ చేతులూ తడిపింది. డాక్టరొచ్చి చూసి, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేది, ఇంకోసారి ఇలా కాకూడదు, ఈ వయసులో తట్టుకోలేదు అని చెప్పి వెళ్ళాడు.

సాయంత్రానికి ఆవిడ తేరుకుంది. అప్పుడడిగాడు.

"గాలి రావడం లేదా అత్తయ్యగారూ?"

"వస్తుంది బాబూ. మీరొస్తే వస్తుంది."

"నేను లేనప్పుడు?"

"రాదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్నుంచీ అంతే కదా." ఆవిడ అల్లుడి మొహంలోకి చూసి, తనేదో తప్పు మాట్లాడిందేమోనని సర్దుకుంది. "పనిచేసుకునే వాళ్ళకే ఇస్తారేమో అనుకున్నాను."

ఆయన నీళ్ళ గ్లాసు తీసుకెళ్ళి వంటింట్లో కడిగాడు. కడిగిందే మళ్ళీ కడిగాడు.

మర్నాడు మొదలుపెట్టిన మార్గాలు ఇవీ అని చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంటుంది. కిటికీ తెరిస్తే బయటి వేడిగాలి లోపలికి తన్నుకొచ్చింది, మూసేశాడు. మంచం జరుపుదామంటే ఆ ఇరుకు గదిలో ఎటు తిప్పినా తలుపుకి అడ్డం వచ్చింది. అప్పుడప్పుడూ చెయ్యి ఊపుతుండమని అత్తగారికి చెప్పాడు. అల్లుడు చెప్పాడు కాబట్టి ఆవిడ శ్రద్ధగా ఊపింది, రైలెక్కిన వాళ్ళకి వీడ్కోలు చెప్తున్నట్టు. ఊపుతూ ఊపుతూ నిద్రపోయింది. ఊపిన చెయ్యి అయినా ఆ కంటికి ఆనిందో లేదో అనుమానమే. పట్టుకోవడానికి ఒక అట్టముక్క ఇచ్చాడు. గాలి రావడానికి ఆవిడ తనకి తనే విసురుకోవాలన్నమాట. ఇది చూసిన టైలరమ్మ, "యంత్రం బాగానే పెట్టించారన్నయ్యా, విసురుకుంటే గాలొస్తుంది," అంది. అందులో ఎత్తిపొడుపు ఉంది గానీ ఆయనకి గుచ్చుకోలేదు. ఆమె పగలు మధ్య మధ్య వచ్చి గుమ్మంలో అటూ ఇటూ నడిచి వెళ్తానంది. నడిచింది కూడా, పాపం. కానీ చేతినిండా కుట్టుపని ఉన్న మనిషి ఎన్నిసార్లని నడుస్తుంది? తను సెల్లారు నుంచి లిఫ్టులో పైకీ కిందికీ తిరిగాడు. యంత్రం దగ్గర ఉండాల్సిన మనిషి లిఫ్టులో ఉంటున్నాడని ఫిర్యాదు వెళ్ళింది.

ఇంజనీరమ్మాయికి ఫోన్ చేశాడు. ఆ పిల్ల మంచిది, పనులు వదులుకుని వచ్చింది. గదిలోకి వచ్చి మంచం చూసింది, మంచం మీద మనిషిని చూసింది, పైన కన్ను చూసింది. మీరప్పుడు ఎవరూ ఉండరన్నారు కదా బాబాయ్‌గారూ అని అనబోయి సగంలో మింగేసింది. మింగినా వినబడింది.

"తప్పు నాది కూడా," అంది. "గదులెప్పుడూ ఖాళీగానే ఉండవు కదా. మళ్ళీ అడగాల్సింది."

ఊపిరి తీసినా పసిగట్టే కళ్ళు వేరే ఉన్నాయట. అలాంటిది ఒకటి తెప్పించి మంచం పైన పెడితే సరిపోతుందట. దానికి సొసైటీ ఒప్పుకోవాలి. ఆ అమ్మాయీ ఆయనా కలిసి హెడ్మాస్టరుగారి దగ్గరికి వెళ్ళారు. ఆయన కుర్చీలు వేయించి, సాంతం విని, నిజంగానే నొచ్చుకున్నాడు. కానీ పరీక్షకి ముందు ఏ ఇంట్లోనూ ఏదీ మార్చకూడదని వాళ్ళు ముందే చెప్పారట. మారిస్తే ఇన్నాళ్ళ లెక్కా మళ్ళీ మొదటికొస్తుందట. పరీక్ష అవ్వగానే మొట్టమొదటి కన్ను మీ ఇంటికే అన్నాడు. అందాకా ఆవిణ్ణి కాస్త కదులుతూ ఉండమని చెప్పు, ఒంటికీ మంచిదే అన్నాడు. పిల్లలకి డ్రిల్లు చెప్పిన మనిషి మరి.

ఎండాకాలం చివర రావాల్సిన పరీక్ష. ఎండాకాలం ఇంకా సగం కూడా కాలేదు.

ఆ సాయంత్రం మోటారాయన టైలరమ్మ గుమ్మంలో నిలబడి, పొడుగాటి గుడ్డపీలిక ఏదైనా ఉందా అని అడిగాడు. ఎందుకని ఆమె అడిగితే, గాలి గొట్టానికి కట్టాలన్నాడు. మూడో అంతస్తు గడియారం సంగతి ఆమెకీ తెలుసు, వాల్వు కట్టింది ఎవరో కూడా తెలుసు. ఆమె ఇంకేం అడగలేదు. మిషను కింద ముక్కల బుట్టలోంచి ఎర్రటి పీలిక ఒకటి లాగి ఇచ్చింది.

స్టూలెక్కి, దాన్ని గాలి వచ్చే గొట్టం మూతికి, సరిగ్గా కంటికి ఎదురుగా పడేలా కట్టాడు. ఆయన గదిలో ఉన్నాడు కాబట్టి గాలి వస్తోంది. గాలికి పీలిక రెపరెపలాడింది. గదిలోంచి బయటికొచ్చి, తలుపు చాటున నిలబడి చూశాడు. ఇదివరకైతే ఈపాటికి ఆగిపోవాలి. పీలిక ఆడుతోంది కాబట్టి కన్ను మూసుకోలేదు, కన్ను మూసుకోలేదు కాబట్టి గాలి ఆగలేదు, గాలి ఆగలేదు కాబట్టి పీలిక ఆడుతూనే ఉంది. పనిలో పని, సంతోషం లాంటిదేమైనా కలుగుతుందేమోనని ఒక్క క్షణం ఆగాడు. మోకాళ్ళ నొప్పి తెలిసింది, అంతే.

స్టూలు తీసుకుని వెళ్తుంటే మంచం మీంచి మాట వినబడింది.

"ఆ రంగు మా అమ్మాయికి గిట్టదు."

ఆయన ఆగాడు. ఏడాదికి పైగా ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది. పోయిన మనిషికి ఇంకా కొన్ని రంగులు గిట్టకుండా ఉండటం ఇద్దరిలో ఎవరికీ వింతగా అనిపించలేదు.

"గిట్టదండి," అన్నాడు.

"కళ్ళలో పొడిచినట్టుంటుందంటుంది."

"ఆ పాత కర్టెన్లు కూడా అందుకే తీయించేసిందండి."

ఆయన స్టూలు మళ్ళీ వేసి, ఎక్కి, ఎర్ర పీలిక విప్పి, టైలరమ్మ ఇంటికి వెళ్ళాడు. ఇది కాదు, లేత నీలం లాంటిదేమైనా ఉంటే ఇమ్మన్నాడు. గుడ్డపీలికకి కూడా రంగు ఎంచే మగాణ్ణి తను మొదటిసారి చూస్తున్నానని ఆమె అంది. అంటూనే బుట్ట మొత్తం నేల మీద బోర్లించి వెతికింది. వెతికి వెతికి లేత నీలం ముక్క ఒకటి పట్టుకుని, చివర దారాలు ఊడకుండా మిషను మీద ఒక కుట్టు కూడా వేసి ఇచ్చింది.

ఆ రోజు నుంచి గది చల్లగా ఉంది. ఆవిడ గోడ వైపు తిరగడం మానేసి వెల్లకిలా పడుకుని ఆ పీలిక ఆడటం చూస్తోంది. నయమైందనడానికి లేదు. లేచి తిరగలేదు, ఎక్కువ మాట్లాడలేదు. సాయంత్రం ఆయన వచ్చేసరికి పెదాలు తడిగా ఉంటున్నాయి. ఆయన ముందుగా చూసేది అదే. చూసి, తిన్నారా అత్తయ్యగారూ అంటాడు. అప్పుడప్పుడూ ఆ గదిలోనే కుర్చీ వేసుకుని తనూ పీలికని చూస్తూ కూర్చుంటాడు. ఇద్దరు కదలని మనుషుల తరఫున అదొక్కటే కదులుతుంటుంది.

హెడ్మాస్టరుగారి ఫోనులో మాత్రం పై అంతస్తున ఒక గడి పచ్చబడటం మానేసింది. ఆయన మొదట ఫోను పాడైందనుకున్నాడు. తుడిచి చూశాడు. కళ్ళజోడు మార్చి చూశాడు. మూడో అంతస్తాయన ఆ సంగతి ఎలా పసిగట్టాడో గానీ, వాల్వులు కొందరికే కడతారా అని మెట్ల మీద నలుగురిలో అడిగేశాడు. అన్నది న్యాయమే. పరీక్షకి వచ్చేవాళ్ళు కూడా ఇదే అడుగుతారు. చివరికి ఒక మధ్యాహ్నం హెడ్మాస్టరుగారు మెట్లు దిగి, సెల్లారులోని యంత్రాల గదికి వచ్చాడు. మోటారాయన లేచి నిలబడి తన స్టూలు ఆయనకి ఇచ్చాడు. వెనక గోడకి వాల్వులు వరసగా ఉన్నాయి, ఏది ఎవరి ఇంటిదో పైన అంకెలు వేసి ఉన్నాయి. ఇద్దరూ వాటి వంక చూడకుండా కాసేపు ఎండల గురించి మాట్లాడుకున్నారు.

తరవాత హెడ్మాస్టరుగారు ఫోను తీసి చూపించాడు.

"చూడవయ్యా. పొద్దుట్నుంచి పొద్దుపోయేదాకా ఇది ఒక్కసారి కూడా ఆగడం లేదు. నువ్వేమో ఇక్కడుంటావు, ఆ పెద్దావిడేమో మంచం దిగదంటావు. నేను నలుగురికీ జవాబు చెప్పుకోవాలి. మరి పగలంతా ఆ గదిలో అంతగా పని చేస్తున్నదెవరు?"

మోటారాయన ఆ నారింజ రంగు గడి వైపు చూశాడు.

"మా అత్తగారేనండి, ఊపిరి పీల్చుకుంటున్నారు."